మన గృహయంత్రములు: ఒకమాఱు కదలి యొకమాఱు కదలని కారు



రోగములలో నెల్ల గుఱుతించుటకు కష్టమైనది వచ్చి పోవు జ్వరము. వైద్యుడు వచ్చువేళకు ఒడలు చల్లగా నుండును. ఆయన వీధి మలుపు తిరిగినంతనే మరల కాక హెచ్చును. ఇంటి యంత్రములలో నిట్టి జ్వరమునకు తఱచుగా లోనగునది పాత మోటారుకారు. ఉదయమున తాళపుచెవి త్రిప్పగానే పలుకును. మధ్యాహ్నము అంగడి ముంగిట మూగవోవును. మెకానిక్కు వచ్చి త్రిప్పగా ఏమియు నెఱుగనట్లు మరల పలుకును. "బండిలో ఏ లోపమును లేదమ్మా" యని యాతడు చేతులు తుడుచుకొని పోవును. లోపము పోలేదు, దాగినది. దాగినదానిని బయటికి రప్పించు విధమును గూర్చి యీ నెల ముచ్చటించుకొందము.

గోదావరి తీరమునుండి యొక సోదరి వ్రాసిన జాబు దీనికి కారణము. ఆమెది యిరువది యేండ్లనాటి చిన్న పెట్రోలు కారు. అత్తగారికి చక్కెరవ్యాధి, పాదమున పుండు. వారమునకు రెండుమార్లు వైద్యశాలకు గొనిపోయి కట్టు మార్పించవలెను. ఆ పని అరగంటలో ముగియును. తిరిగి యింటికి బయలుదేఱునప్పుడు కారు మొరాయించును. ఇట్లు మూడుమార్లు జరిగినది. కాలు మోపలేని ముసలమ్మను ఆటోలో నెక్కించి పంపి, తాను చీకటి పడువఱకు బండికడ కాచుకొనవలసి వచ్చినది. షెడ్డువారు మొదట బ్యాటరీ మార్చిరి; పిదప ప్లగ్గులు మార్చిరి; ఆ పిమ్మట పెట్రోలు పంపు మార్చిరి. డబ్బు పోయినది గాని జబ్బు పోలేదు. "ఇంటిలోనివారు నన్ను ఒంటరిగా కారు తీయవలదనుచున్నారు. బండి నమ్మివేయుదమా, నేను తోలుట మానుకొందునా?" యని యామె ప్రశ్న. రెండును వలదని నా సమాధానము. ఏల వలదో చెప్పెదను.

ఇంజను పలుకుటకు నాలుగు కావలెను: దానిని మొదట త్రిప్పు బలము, పెట్రోలు, నిప్పురవ్వ, గాలి. ఇందు మొదటిది సెల్ఫు మోటారు చేయు పని. పూర్వము ఈ పనిని మనుష్యుడే యినుపకమ్మితో త్రిప్పి చేసెడివాడు. ఆ కమ్మి వెనుకకు తన్ని చేతులు విరుగుటయు గలదు. అమెరికా దేశమున చార్లెస్ కెట్టరింగ్ అను నాయన కనిపెట్టిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో మొదట అమరినది. నాటినుండి బండి తోలుటకు భుజబలముతో పని లేకపోయెను. స్త్రీలు నిర్భయముగా కారు నడుపుటకు మార్గము చూపినవానిలో ఈ చిన్న మోటారు ఒకటి.

కావున కారు మొరాయించినప్పుడు వేసికొనవలసిన మొదటి ప్రశ్న: సెల్ఫు తిరుగుచున్నదా, లేదా? చెవి యొగ్గి వినుడు. మూడు విధములైన పలుకులు గలవు. మొదటిది: నిశ్శబ్దము, లేదా "టక్కు" మను నొక్క శబ్దము, లేదా ఈడ్చుకొనుచు మెల్లగా తిరుగుట. రెండవది: గిరగిర చక్కగా తిరుగును గాని యింజను అందుకొనదు. మూడవది: అందుకొని రెండు క్షణములలో ఆగిపోవును. ఈ మూడును వేఱువేఱు రోగములు. మొదటిదానికి బ్యాటరీ, తీగలు, సెల్ఫు మోటారు కారణములు. రెండవ మూడవవానికి పెట్రోలు గాని నిప్పురవ్వ గాని గాలి గాని కారణము. వంటింట పొయ్యి వెలుగనప్పుడు కట్టెలు లేవా, అగ్గిపుల్ల లేదా యని మొదట చూతుము గదా! అట్టిదే యిదియు.

ఇప్పుడు మన సోదరి జాబు మరల చూడుడు. ఆమె కారు "టక్కు" మని యూరకుండును; సెల్ఫు తిరుగదు. అట్లయినచో ప్లగ్గులును పెట్రోలు పంపును ఏ పాపము చేసినవి? ఇంజను తిరుగనే తిరుగనప్పుడు వానికి పని చేయు నవసరమే రాలేదు. ఆ రెంటికి పెట్టిన ఖర్చు వృథా. ఈ యొక్క ప్రశ్న మొదట అడిగియుండినచో ఆ సొమ్ము మిగిలియుండెడిది.

మొదటి విధమైన రోగమును పరీక్షించుటకు బ్యాటరీతో నారంభింపవలెను. కారు బ్యాటరీలో ఆఱు గదులుండును. అన్నియు కలిసి 12 వోల్టులని పేరు. నిండుగా నున్న బ్యాటరీ కొన్ని గంటలు విశ్రాంతి పొందిన పిదప 12.6 వోల్టులు చూపును. 12.2 చూపినచో సగము ఖాళీ. 12కు దిగినచో ఇంచుమించు ఒట్టిపోయినట్లే. సెల్ఫు తిరుగుచున్నప్పుడు వోల్టులు తగ్గుట సహజమే గాని 9.6కు క్రిందికి పోరాదు. ఇంజను నడచునపుడు 13.8 మొదలు 14.5 వఱకు నుండవలెను. అంతకు తగ్గినచో బ్యాటరీని నింపు ఆల్టర్నేటరులో గాని దాని బెల్టులో గాని లోపము గలదని తెలియవలెను. ఈ లెక్కలు చూపు మల్టీమీటరు కొలది వందల రూపాయలకే దొరకును. ఇంటిలో జ్వరమాపిని ఉన్నట్లే యిదియు నొకటి యుండుట మేలు.

మీటరు లేనివారికి దీపముల పరీక్ష చాలును. ముందరి దీపములు వెలిగించి, గోడమీద పడు వెలుగును చూచుచు తాళము త్రిప్పుడు. దీపములు బాగుగా మసకబాఱినచో బ్యాటరీ నీరసించినదనియో, దాని కొనలవద్ద పట్టు వదులైనదనియో అర్థము. దీపములు ఏ మాత్రము తగ్గక ప్రకాశించుచుండగా సెల్ఫు కదలకున్నచో బ్యాటరీ నిర్దోషి. దానినుండి బయలుదేఱిన విద్యుత్తు మోటారునకు చేరుటలేదు. తాళపు స్విచ్చి, సోలినాయిడు, ఎర్తు తీగ, వీనిలో నేదో యొకచోట దారి తెగినది.

ఎర్తు తీగ యను మాట కొంత వివరింపవలెను. బ్యాటరీనుండి విద్యుత్తు లావుపాటి తీగద్వారా మోటారునకు పోయినచో చాలదు; తిరిగి బ్యాటరీకి రావలెను. ఆ తిరుగుదారి ఇంజను లోహమునుండి బండి మేనికిని బ్యాటరీ ఋణధ్రువమునకును కలుపు తీగయో, అల్లిన రాగిపట్టీయో. సెల్ఫు మోటారు చిన్న కార్లలో సైతము నూఱు ఆంపియర్లకు పైగా విద్యుత్తును త్రాగును. 150 ఆంపియర్లు పాఱు దారిలో 0.02 ఓము అడ్డు మాత్రమే యున్నను, రెంటిని హెచ్చింపగా 3 వోల్టులు అక్కడనే పోవును. అంత చిన్న యడ్డు ఒక బోల్టు క్రింద పట్టిన త్రుప్పు వలన కలుగును. చిన్న దీపమునకు అది లెక్కలోనిది కాదు. కావున దీపములు వెలుగుచునే యుండును. మోటారు మాత్రము కదలదు.

ఇక "ఒకమాఱు కదలుట, ఒకమాఱు కదలకుండుట" ఏల? తఱచుగా వేడిమి వలన. రాగి తీగ వేడెక్కిన కొలది దాని యడ్డు పెరుగును. ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీకి నూటికి 0.4 వంతు. ఏబది డిగ్రీలు పెరిగినచో ఐదవవంతు హెచ్చినట్లు. దూరము నడచి ఆగిన యింజనుపై గాలి వీచుట నిలిచిపోవును. లోపలి వేడి బయటికి ప్రాకి, ఆగిన పదిపదునైదు నిమిషములకు దాని చుట్టునున్న భాగములు నడచుచున్నప్పటికంటెను అధికముగా వేడెక్కును. ఉదయమున ఎట్లో నెట్టుకొనివచ్చిన బలహీనపు అతుకు ఆ సమయమున చేతులెత్తివేయును. గంట గడచి చల్లాఱినంతనే మరల పనిచేయును. మెకానిక్కు వచ్చునది ఆ గంట గడచిన పిదపనే!

రెండవ విధపు రోగమునకును వేడిమి కారణము కావచ్చును. కార్బ్యురేటరు గల పాత బండ్లలో వేసవినాడు పెట్రోలు గొట్టములోనే ఆవిరియై పంపును వట్టిగా త్రిప్పును. అట్టి వేళ పంపుపై తడిగుడ్డ వేసి కొంతసేపు ఆగిన చాలును. కొన్నిమార్లు వేడికి పెట్రోలు పొంగి ఇంజనులోనికి అధికముగా చేరును. అప్పుడు పెట్రోలు వాసన గుప్పుమనును. ఆ సమయమున యాక్సిలరేటరు మాటిమాటికి త్రొక్కరాదు. ఒకేమాఱు చివరవఱకు త్రొక్కిపట్టి సెల్ఫు త్రిప్పినచో గాలి చేరి ముంపు తీఱును. వానకాలమున డిస్ట్రిబ్యూటరు మూతలో చెమ్మ చేరి నిప్పురవ్వ దారి తప్పును. పొడిగుడ్డతో తుడిచిన సరిపడును. మూతలో సన్నని నల్లగీత కనబడినచో మూతనే మార్చవలెను.

మన దేశమున 2000 సంవత్సర ప్రాంతమునుండి కార్లకు ఇంజెక్షను పద్ధతి వ్యాపించినది. అట్టి బండిలో తాళమును మొదటి మెట్లకు త్రిప్పగానే వెనుక సీటు దిక్కునుండి రెండు క్షణములపాటు సన్నని "జుంయి" మను శబ్దము వినబడును. అది పెట్రోలు పంపు. ఆ శబ్దము లేనిచో ఫ్యూజు, రిలే, పంపు వరుసగా చూడవలెను. శబ్దమున్నను, సెల్ఫు చక్కగా తిరిగినను, వేడిలో మాత్రమే యింజను అందుకొనక చల్లాఱిన పిదప అందుకొన్నచో, క్రాంకు తిరుగుటను కనిపెట్టు సెన్సరును అనుమానింపవచ్చును; దానికిది ప్రసిద్ధమైన రోగలక్షణము. మారుతి 800, అంబాసిడరు రెండును 2014లో తయారగుట నిలిచిపోయినవి. అయినను నేటికి వానిని ప్రేమతో నుంచుకొన్న గృహములు గలవు. అట్టివారు తమ బండి కార్బ్యురేటరు గలదో ఇంజెక్షను గలదో ముందు తెలిసికొనుట యవసరము.

ఇట్టి దాగుడుమూతల రోగమునకు మంచి మందు ఒక చిన్న నోటుపుస్తకము. పాలలెక్క, చాకలిలెక్క వ్రాయు మనకు ఇది క్రొత్త గాదు. కారులోనే యొక పుస్తకమును పెన్సిలును ఉంచుడు. మొరాయించిన ప్రతిమాఱును వ్రాయవలసినవి యివి: తేదీ, గంట, ఎండయా వానయా, అంతకుముందు ఎంత దూరము నడచినది, ఆగి యెన్ని నిమిషములైనది, సెల్ఫు తిరిగినదా, టక్కుమన్నదా, మౌనము వహించినదా, దీపములు మసకబాఱినవా, పెట్రోలు వాసన గలదా, ట్యాంకిలో ఎంత యున్నది, ఏమి చేసిన పిదప పలికినది. మొరాయింపక పలికిన దినములను సైతము వ్రాయవలెను. పోల్చిచూచుట వానివలననే సాధ్యము. ఒకేమాఱు రెండు వస్తువులు మార్పింపకుడు. ఒకటి మార్చి, వారము చూచి, పిదప రెండవదాని మాట తలపెట్టుడు. రెండును ఒకేమాఱు మార్చినచో నయమైనది దేనివలననో యెన్నటికి తెలియదు.

మన సోదరికి ఈ విధముగనే వ్రాసితిని. మూడు వారములు ఆమె పుస్తకము నింపెను. దానినుండి రెండు సంగతులు తేలినవి. ఉదయమున నొక్కనాడును కారు మొరాయింపలేదు. మొరాయించిన నాలుగుమార్లును పది కిలోమీటర్లకు పైగా నడచి, అరగంట యాగిన పిదపనే జరిగినవి. నాలుగుమార్లును దీపములు చెక్కుచెదరక వెలిగినవి. బ్యాటరీ నిర్దోషి యని తేలిపోయెను. చల్లని యింజనుతో సెల్ఫు త్రిప్పుచు, బ్యాటరీ ఋణధ్రువమునకును ఇంజను లోహమునకును నడుమ మీటరుతో కొలువుడని వ్రాసితిని. ఆ చోట అర వోల్టు మించరాదు. ఆమె యింట కొలువగా ఒక వోల్టు కనబడెను. వైద్యశాల ఆవరణలో మొరాయించిన వేళ కొలువగా ఆఱు వోల్టులు మించెను!

అప్పుడామె వెనుక డిక్కీలో నున్న జంపరు తీగ నొకదానిని తీసి, ఒక కొన బ్యాటరీ ఋణధ్రువమునకును, రెండవ కొన ఇంజనుపై రంగులేని లోహపుచోటునకును తగిలించెను. గేరు న్యూట్రలులో నుంచి, చేతిబ్రేకు వేసి, తాళము త్రిప్పగా మొదటి త్రిప్పులోనే కారు పలికెను. అత్తగారు లోపల కూర్చుండియే "ఏమి చేసితివే అమ్మాయీ!" యని విస్తుపోయిరట. మఱునాడు షెడ్డులో బండి నెత్తించి చూడగా ఇంజనును మేనికి కలుపు రాగిపట్టీ పోగులు తెగి, బోల్టు క్రింద పచ్చని చిలుము పట్టియుండెను. క్రొత్త పట్టీ వెల, వృథాగా మార్చిన బ్యాటరీ వెలలో నెన్నవ వంతో చెప్ప సిగ్గగును. దాని తరువాత రెండు నెలలు గడచినవి. కట్టునకు పోయిన ప్రతి దినమును కారు వారిని ఇల్లు చేర్చుచున్నదని యామె వ్రాసినది.

స్త్రీలకు యంత్రములు తెలియవనువారికి ఒక పాతకథ గుఱుతుచేయుదము. 1888 ఆగస్టు నెలలో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను గృహిణి, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల మోటారుబండిలో తన యిద్దరు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు, నూఱు కిలోమీటర్లకు పైగా పయనించెను. మోటారుబండిపై అంతటి దూరప్రయాణము లోకమున నదియే మొదటిది. దారిలో పెట్రోలు గొట్టమునకు నలక అడ్డుపడగా తన టోపీ పిన్నుతో తొలగించెననియు, నిప్పురవ్వ తీగ ఒరసికొనగా తన మేజోటి పట్టీ చుట్టి కాపాడెననియు చెప్పుదురు. ఇంధనమును వీస్‌లోఖ్ ఊరి మందులకొట్టులో కొనెను. మన చేతనున్నదానితో మొదట చూచి, పిదప ఇతరుల నడుగుట ఆమెనుండి నేర్వదగినది.

అయితే చేయి పెట్టుటకు ముందు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. చేతి గాజులు, ఉంగరములు, మెడలోని గొలుసు తీసి, లేదా దూరముగా ముడిచి, పిదపనే బ్యాటరీకడకు పొండు. బంగారము విద్యుత్తునకు మంచి దారి. గాజొకటి ధనధ్రువమునకును బండి లోహమునకును నడుమ తగిలినచో క్షణములో ఎఱ్ఱగా కాలి చేతిని కాల్చును. చీర కొంగు నడుమున చెక్కి, జడ ముడివేసికొనుడు. రేడియేటరు పంకా ఇంజను ఆగిన పిదపను తనంతట తాను తిరుగవచ్చును. బ్యాటరీ తీగలు ఊడదీయునపుడు ఋణధ్రువము మొదటను, బిగించునపుడు అదియే చివరను. కొనలకు పట్టిన తెల్లని, పచ్చని పొడి ఆమ్లముతో కూడినది. గుడ్డతొడుగు లేక తాకరాదు. వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి, బిగించిన పిదప కొంచెము వ్యాజలైను పూసిన చాలును. ఆ నీరు బ్యాటరీ లోనికి పోనీయకుడు. బ్యాటరీనుండి వెలువడు వాయువు అంటుకొనునది. కావున దీపము, అగ్గిపుల్ల దగ్గఱకు తేరాదు.

సెల్ఫును ఒకేమాఱు పది క్షణములకు మించి త్రిప్పకుడు. నిమిషమాగి మరల ప్రయత్నింపుడు. లేనిచో మోటారు కాలును. మూసిన షెడ్డులో ఇంజను నడుపుచు పరీక్ష చేయరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తెలియకయే ప్రాణము తీయును. తలుపులు తెఱచి, వీలైనచో బండిని ఆరుబయటికి తెచ్చి చూడవలెను. పెట్రోలు నేలమీద కారుచున్నట్లు కనబడినచో అన్ని ప్రయత్నములు మాని, మనుష్యులను దూరము పంపి, తెలిసినవారిని పిలువుడు.

తుదకు మెకానిక్కుతో మాటలాడు విధము. "బండి ట్రబులిచ్చుచున్నది, చూడుము" అన్నచో ఆతనికి ఊహలే గతి. "పది కిలోమీటర్లు నడచి అరగంట యాగిన పిదప సెల్ఫు టక్కుమని యాగుచున్నది, దీపములు తగ్గుటలేదు, ఎర్తులో ఆఱు వోల్టులు పోవుచున్నవి" అన్నచో మంచి పనివాడు సంతోషించును, నేరుగా ఆ చోటికే పోవును. మార్చిన పాత వస్తువును తప్పక చూపుమని యడిగి, రసీదుతో కూడ నోటుపుస్తకములో తేదీ వేసికొనుడు. ఆతని నవమానించుటకు గాదు. మన బండి చరిత్ర మనకడ నుండుటకు.

పాత కారు ఇంటి ముసలివారివంటిది. ఏ వేళ ఏది సరిపడదో కనిపెట్టి మసలినచో చిరకాలము తోడుండును. ఈ నెల మీ బండి బ్యాటరీ కొనలు, ఎర్తుపట్టీ యొకమాఱు కన్నులార చూచి, ఉదయము వోల్టులు కొలిచి వ్రాసి యుంచుడు. కష్టము వచ్చిననాడు పోల్చుటకు అవి పనికివచ్చును. వచ్చు నెల టైర్లలో గాలిని గూర్చియు, వేసవిలో నవి పగులుటకు గల కారణములను గూర్చియు వ్రాసెదను. మీ బండ్ల వింత రోగములను జాబుల మూలమున తెలుపుడు. తోచినంత మేర సమాధానము లిచ్చెదను.